గాలి చొరబడని ఇల్లు

వీధి గుమ్మంలో బిగించిన పెద్ద ఫ్యాను ఆగేసరికి ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. రూరి మోరిసన్ చేతిలోని చిన్న తెర మీద అంకెను రెండుసార్లు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చూశాడు.

"ఎంతొచ్చింది?" అని అడిగింది డోలినా.

"అయిదు పాయింట్ ఎనిమిది."

మూడు దాటకూడదని ఆమెకు తెలుసు. ఆ అంకెను ఆర్నెల్లుగా కలవరిస్తోంది. అయినా అడిగింది, "ఎంత ఉండాలి?" అని.

"మూడు. యంత్రం మీద అనుమానం పెట్టుకోకు. తప్పు దానిది కాదు, ఇల్లే కారుతోంది."

లూయిస్ దీవి మొత్తానికి ఇళ్ళకు గాలి పరీక్ష చేసే మనిషి రూరి ఒక్కడే. తలుపులూ కిటికీలూ మూసి, వంటింటి గాలిగొట్టాలకు టేపు అంటించి, గుమ్మంలో ఫ్యాను పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతాడు. ఏ సందుల్లోంచి ఎంత గాలి తిరిగి లోపలికి దూరుతోందో యంత్రం చెబుతుంది. ఆ అంకెనూ, గోడల మందాన్నీ, ఇంటిని వెచ్చబెట్టే సాధనం రకాన్నీ కలిపి అతనే కంప్యూటర్లో లెక్క కడతాడు. లెక్క నెగ్గితేనే కౌన్సిల్ వాళ్ళు ఇల్లు పూర్తయిందని కాగితం ఇస్తారు. ఆ కాగితం లేని ఇంట్లో కాపురం పెట్టడం నేరం.

డోలినాకు యాభై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కిందట జనవరి తుఫాను ఆమె పాత ఇంటి కప్పును లేపుకుపోయి పక్కవాళ్ళ గొర్రెల దొడ్లో పడేసింది. అప్పటినుంచీ చక్రాల మీది చిన్న ఇల్లులాంటి కేరవాన్‌లో ఉంటోంది. అది గాలికి దొర్లిపోకుండా నాలుగు మూలలా తాళ్ళు వేసి బండరాళ్ళకు కట్టుకుంది. ఒంటి మనిషి అయితే అందులోనే ఇంకో పదేళ్ళు గడిపేసేది. కానీ కిర్స్టీ ఉంది.

కిర్స్టీ ఆమె మనవరాలు, కూతురి బిడ్డ. అయిదేళ్ళది. తల్లి కాట్రియోనా గ్లాస్గోలో మత్తుమందు వికటించి పోయి పద్నాలుగు నెలలైంది. తండ్రెవరో కాట్రియోనా ఎవరికీ చెప్పలేదు. పిల్లను తాత్కాలికంగా ఇన్వర్నెస్‌లో ఒక దంపతుల దగ్గర ఉంచారు. వాళ్ళు మంచివాళ్ళు. ఆ మంచితనమే డోలినాకు భయం. పిల్లను తామే ఎప్పటికీ పెంచుకుంటామని వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. వచ్చే వారం బుధవారం ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుని సంగతి తేలుస్తుంది.

పిల్లల సంక్షేమం చూసే షోనా అనే అమ్మాయి కిందటి వారం కేరవాన్‌కు వచ్చి, చేతి తొడుగులైనా తీయకుండా కూర్చుని చెప్పింది.

"డోలినా గారూ, మీకు పిల్ల మీద ఎంత ప్రేమో నేను రాస్తాను. కానీ వాళ్ళు మొట్టమొదట అడిగేది పిల్ల ఎక్కడ పడుకుంటుందని. ఈ కేరవాన్‌లో అని రాయలేను. పక్కనున్న ఆ ఇంట్లో అని రాయాలంటే నా చేతిలో కాగితం ఉండాలి."

"బుధవారంలోగా రాకపోతే?"

"రెండుసార్లు వాయిదా తీసుకున్నాం. మూడోసారి నేను అడిగినా ఇవ్వరు." షోనా లేస్తూ, "పిల్ల కూడా పెరిగిపోతోంది కదండీ," అంది.

పడమటి ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరికి గ్యాసు గొట్టం లేదు. కొత్త ఇళ్ళలో ఇల్లు వెచ్చబెట్టే నూనె బాయిలరు పెట్టనివ్వరు. ఇక మిగిలింది కరెంటు. గోడకు తగిలించే తెల్లటి హీటర్లు చాలనుకుంది డోలినా. స్విచ్చి వేస్తే వేడి, తీస్తే చల్లన, చెడిపోవడానికి ఏముంది అనుకుంది. రూరి అప్పుడే హెచ్చరించాడు: ఉత్త హీటర్లతో రూలు దాటాలంటే ఇల్లు బిరడా బిగించిన సీసాలా ఉండాలి, పుట్టిన వేడి పుట్టినచోటే ఉండాలి అని. "మా టోర్మడ్ కడతాడు. వాడి చేతి పని బిగువు," అని ఆమె ధీమాగా చెప్పింది.

టోర్మడ్ ఆమె తమ్ముడు. షెడ్డులో మగ్గం తొక్కి ట్వీడ్ అనే మందపాటి ఉన్ని గుడ్డ నేస్తాడు. మిగిలిన పొద్దులో వడ్రంగం చేస్తాడు. ఈ ఇంటి చెక్క చట్రం నుంచి పైకప్పు దాకా అన్నీ అతనే పెట్టాడు. ఇప్పుడు గోడకు ఆనుకుని నిలబడి నేల చూస్తున్నాడు.

"ఎక్కడ కారుతోందిరా?" అని అడిగింది డోలినా.

"నాకేం తెలుసక్కా. అన్నీ సక్రమంగానే మూశాను."

"సక్రమంగా మూస్తే అయిదు పాయింట్ ఎనిమిది ఎలా వస్తుంది?"

"ఈ గాలి ఈ దీవిలోనే పుట్టి పెరిగింది. దానికి తలుపు అక్కర్లేదు."

ఇంకో రోజైతే ఆ మాటకు ఆమె నవ్వేదే. ఆ మంగళవారం మాత్రం తమ్ముడి మొహం వైపు చూడకుండా చీపురు తీసుకుని, తుడిచిన నేలనే మళ్ళీ తుడిచింది.

రూరి వెళ్తూ వెళ్తూ పొగ వదిలే పుల్లల కట్ట ఒకటి ఇచ్చాడు. కిటికీలన్నీ మూసి, వంటింట్లో గాలిని బయటికి లాగే పంకా వేసి, గోడ వెంబడి పుల్ల పట్టుకుని నడవమన్నాడు. పొగ ఎక్కడ ఉలిక్కిపడి వంకర తిరుగుతుందో అక్కడ బొక్క ఉన్నట్టు. బుధవారం, గురువారం అక్కాతమ్ముళ్ళిద్దరూ అదే పనిలో ఉన్నారు. ప్రతి స్విచ్చి బోర్డు వెనకా పొగ వణికింది. అటక మూత అంచున వణికింది. టోర్మడ్ బోర్డులు ఊడదీసి నురగ నింపాడు, అటక మూతకు రబ్బరు పట్టీ వేశాడు. అరచేతిలో మేకు గీసుకుపోతే గుడ్డపేలిక చుట్టుకుని మళ్ళీ పనిలో దిగాడు. డోలినా మోకాళ్ళ మీద దేకుతూ గోడా నేలా కలిసే సందంతా జిగురు పూసింది. మోకాలిచిప్పలు వాచాయి.

గురువారం మధ్యాహ్నం స్నానాల గదిలో పొగపుల్ల పెడితే పొగ గోడలోంచి తన్నుకొచ్చినట్టు ఎదురు కొట్టింది. షవరు నీళ్ళు పడే పళ్ళెం అంచు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. వేళ్ళకు సముద్రపు చలి తగిలింది.

"దీని కింద ఏముందిరా?"

టోర్మడ్ నురగ డబ్బా మూత బిగించసాగాడు.

"నిన్నే అడుగుతున్నాను."

"గొట్టం పోవడానికి నేలలో కంత కోశాను," అన్నాడు అతను చివరికి. "కాస్త పెద్దదైంది. ఆ రోజే పళ్ళెం బిగించాల్సి వచ్చింది. తర్వాత మూద్దాంలే అనుకున్నాను."

"ఎంత పెద్దది?"

రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించాడు. పిల్లి దూరేంత.

"నువ్వు చెప్పలేదు."

"మర్చిపోయానక్కా."

"మర్చిపోలేదు నువ్వు. మంగళవారం ఫ్యాను తిరుగుతుంటే ఈ గది వైపే చూశావు. నేను చూశాను నిన్ను." ఆమె గొంతు పెరగలేదు. అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది. "నా కూతుర్ని ఆ గ్లాస్గో మింగింది. దాని పిల్లనైనా తెచ్చుకుందామంటే, నువ్వు నాకు కంత మీద పళ్ళెం మూసి ఇల్లు అని ఇచ్చావు."

టోర్మడ్ సుత్తి తీసుకుని, తన చేత్తో అతికించిన పలకలను తనే పగలగొట్టాడు. సాయంత్రానికి పళ్ళెం ఊడొచ్చింది. శుక్రవారం పొద్దుటికి కంత పూడింది. వాళ్ళిద్దరి మధ్యా ఆ రెండు రోజులూ "అందుకో", "పట్టుకో" తప్ప మాట లేదు.

ఇక పరీక్ష ఒక్కటే మిగిలింది. దానికేమో బయట గాలి నెమ్మదిగా ఉండాలి. గాలి జోరుగా ఉంటే యంత్రం అంకె నిలవదు, ఆ పరీక్ష చెల్లదు. శుక్రవారం రేడియోలో వాతావరణం చెప్పారు. శనివారమంతా ఈదురుగాలి. సోమవారం నుంచి వారం పొడుగునా తుఫాను. మధ్యలో ఒక్క ఆదివారం ప్రశాంతం.

డోలినా రేడియో కట్టేసింది. లూయిస్‌లో ఆదివారం దేవుడిది. ఆ రోజు దుకాణం తెరవరు, బట్టలు ఆరెయ్యరు. ఆమె జీవితంలో ఆదివారం నాడు సూది కూడా పట్టలేదు. రూరి సంగతి చెప్పనే అక్కర్లేదు. చర్చిలో కీర్తన ఎత్తుకునేది అతనే. అతను పాడితే ఊరంతా వెనక పాడుతుంది.

శనివారం గాలికి వంగి నడుచుకుంటూ అతనింటికి వెళ్ళింది. రూరి వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఆదివారం వంట శనివారమే చేసిపెట్టుకునే ఇల్లు అది. ఆమె గుమ్మంలోనే నిలబడి విషయం చెప్పింది. అతను కత్తి కింద పెట్టాడు.

"ఏమడుగుతున్నావో తెలుస్తోందా నీకు?"

"తెలుసు రూరీ గారూ."

"ఆ ఫ్యాను చప్పుడు చర్చి దాకా వినబడుతుంది. అందరూ నా వైపు చూస్తారు. నీ వైపూ చూస్తారు. మళ్ళీ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి మనల్ని రానిస్తారో లేదో."

"నేను మానేస్తాను. బతికినన్నాళ్ళు వెనక బెంచీ మీద కూర్చుంటాను. పిల్ల నా పక్కన ఉంటే చాలు."

రూరి కిటికీలోంచి బయటికి చూశాడు. గాలికి గడ్డి నేలకు అంటుకుపోయి ఉంది. "మా అమ్మ ఆదివారం కూడా ఆవు పాలు పితికేది," అన్నాడు. "ఎందుకమ్మా అంటే, తప్పనిసరి పనికీ, దయగల పనికీ ఈ రోజు అడ్డు కాదురా అనేది. ఆవు పొదుగు సలుపుతుంటే సోమవారం దాకా ఆగమంటామా?" మళ్ళీ కత్తి తీసుకున్నాడు. "తొమ్మిదింటికి వస్తాను. నా భార్యకు నేనే చెప్పుకుంటాను. నువ్వు దారిలో కనబడితే మాట్లాడకు."

ఆదివారం నిజంగానే సముద్రం పళ్ళెంలో పాలలా కదలకుండా ఉంది. రూరి చర్చికి వేసుకునే నల్ల కోటుతోనే వచ్చాడు. ఫ్యాను మొదలైంది. నల్ల బట్టల్లో చర్చికి వెళ్తున్నవాళ్ళు రోడ్డు మీద ఆగారు. ఇరవై ఆరేళ్ళు చేపల ఫ్యాక్టరీలో డోలినా పక్కనే నిలబడి పనిచేసిన ఓ ఆవిడ తల తిప్పుకుని ముందుకు నడిచింది. డోలినా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. టోర్మడ్ స్నానాల గది గుమ్మంలో, కాపలా కాస్తున్నవాడిలా నిలబడ్డాడు.

ఫ్యాను ఆగింది.

"మూడు పాయింట్ నాలుగు," అన్నాడు రూరి.

రూరి టేపు అంటించిన చోట్లన్నీ ఇంకోసారి చూసుకుని, మళ్ళీ ఫ్యాను వేశాడు. మూడు పాయింట్ నాలుగే వచ్చింది.

"ఇంకెక్కడో చెక్కల మధ్య సన్నగా పోతోంది. గోడలు విప్పితే తప్ప దొరకదు. వారం పని," అన్నాడు.

డోలినా నేల మీద చతికిలబడింది. "రెండు పాయింట్ తొమ్మిది అని రాయండి," అంది.

"డోలినా."

"ఎవరికి తెలుస్తుంది? గోడల్లోకి ఎవరు తొంగి చూస్తారు? వేడి పోతే నా వేడి పోతుంది, కరెంటు నేను కట్టుకుంటాను. మీ కాళ్ళు పట్టుకుంటాను రూరీ గారూ. ఒక్క అంకె." ఆమె నిజంగానే చేతులు చాచింది. రూరి వెనక్కి జరిగాడు.

"దయ కోసం ఈ రోజు వచ్చాను. అబద్ధం రాయడానికి ఏ రోజూ రాలేను. అడగకమ్మా. ఇంకోసారి అడిగితే రాసేస్తానేమోనని భయంగా ఉంది."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. రూరి ఫ్యాను విప్పుతూ, ఎవరితోనూ కానట్టు చెప్పుకుపోయాడు. ఈ అంకెతో ఉత్త హీటర్లయితే నెగ్గదు. హాల్లో హీటరుకు బదులు హీట్ పంప్ ఉంటే నెగ్గుతుంది. ఏసీలాగే బయట ఒక డబ్బా, లోపల ఒక డబ్బా. తినే కరెంటుకు మూడింతలు వేడి ఇస్తుంది కాబట్టి లెక్కలో ఆ తేడా పూడిపోతుంది. కానీ ఇప్పుడు చెబితే సముద్రం అవతలి మెయిన్‌లాండ్ నుంచి రావడానికి ఆరు వారాలు.

"ఊరుకోండి," అంది డోలినా. "లేనిదాని గురించి చెప్పి ఏం లాభం?"

టోర్మడ్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతని మగ్గం షెడ్డులో అలాంటి యంత్రమే ఉంది. కిందటి చలికాలం అతని వేలి కణుపులు వాచి దారం పట్టుకోలేకపోతే, షెడ్డు వెచ్చగా లేకపోతే మగ్గం మానెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పాడు. అప్పుడు పెట్టించుకున్నాడు. ఆ సంగతి డోలినాకూ తెలుసు. ఆ రోజు ఆమె దాని గురించి ఆలోచించకపోలేదు. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

సోమవారం తెల్లవారేసరికి తుఫాను మొదలైంది. పొద్దున్నే టోర్మడ్ వ్యాను వచ్చి ఆగింది. వెనక తాళ్ళతో కట్టిన డబ్బాలు రెండు. పక్క సీట్లో చేపల ఫ్యాక్టరీలో చల్లగదుల యంత్రాలు చూసే మెకానిక్కు ఉన్నాడు. ఇలాంటి యంత్రాల్లో గ్యాసు తీసి నింపడానికి లైసెన్సున్న మనిషి.

డోలినా కొత్త ఇంటి గుమ్మంలో అడ్డం నిలబడింది. "వెనక్కి తీసుకుపో. నీ చేతులు ఏం కావాలి?"

"చేతులకి తొడుగులున్నాయి."

"తొడుగులేసుకుని దారం ఎలా ముడేస్తావురా?"

"నిదానంగా వేస్తాను." అతను తాళ్ళు విప్పుతూనే ఉన్నాడు. "అక్కా, నువ్వు గురువారం అన్న మాట నిజం. మంగళవారం నేను ఆ గది వైపే చూశాను. చెప్పాలనుకున్నాను. రూరి ముందు సిగ్గేసింది. ఇప్పుడు నువ్వు అడ్డు తప్పుకుంటే ఈ డబ్బా లోపలికి మోసుకెళ్తాను, తప్పుకోకపోతే ఇక్కడే తుఫానులో పెట్టుకుని కూర్చుంటాను. నీ ఇష్టం."

ఆమె పక్కకు జరిగింది. గాలికి నిచ్చెన రెండుసార్లు పడిపోయింది. మూడోసారి దాని కాళ్ళ దగ్గర డోలినా ఒళ్ళంతా బరువు వేసి నిలబడితే మెకానిక్కు బయటి డబ్బా బిగించాడు. మూడు గంటలకు, వెలుగు పోతుండగా, హాల్లో డబ్బా నెమ్మదిగా ఊపిరి తీసుకుని వెచ్చటి గాలి వదిలింది. టోర్మడ్ వేళ్ళు ఆ గాలికి అడ్డంగా పెట్టి ఒకసారి మూసి తెరిచి, సామాను సర్దుకున్నాడు.

రూరి అదే సాయంత్రం లెక్క కట్టాడు. వెంట్రుకవాసిలో నెగ్గింది. మంగళవారం కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి యంత్రం మీది నంబరు, మెకానిక్కు సంతకం, గాలి పరీక్ష కాగితం అన్నీ ఒకటికి రెండుసార్లు చూశాడు. పరీక్ష తేదీ దగ్గర అతని వేలు ఆగింది.

"ఇది ఆదివారం కదా."

"అవును," అంది డోలినా.

అతను ఇంకేమీ అడగలేదు. బుధవారం పదిన్నరకు కాగితం వచ్చింది.

తుఫానుకు విమానాలు లేవు, ఓడ లేదు. అందుకని ఆ రోజే దీవిలోని పట్నం స్టోర్నవేలో కౌన్సిల్ గదిలో తెర ముందు కూర్చుని డోలినా కమిటీతో మాట్లాడింది. తెర మీద ముగ్గురు సభ్యులు, షోనా, చివర్లో ఆ ఇన్వర్నెస్ దంపతులు. ఆ ఇంటావిడ చేతిలో రుమాలు నలుపుతోంది. కాగితం గురించి అడిగింది ఒక్క నిమిషం. తర్వాత గంటసేపు వేరే ప్రశ్నలు అడిగారు. కాట్రియోనా చిన్నప్పుడు ఇంట్లో ఎలా ఉండేది, ఎందుకు వెళ్ళిపోయింది, మీరు ఆపారా, వెతికారా. డోలినా దాచకుండా చెప్పింది. "ఒకసారి తలుపు వేసేశాను. లోపలికి రానివ్వలేదు. అలాగైనా దాని మత్తు అలవాటు వదులుతుందనుకున్నాను," అంది. చెప్పాక అంతా పోయిందనే అనుకుంది.

పిల్లను అమ్మమ్మ దగ్గరికే పంపాలని తేల్చారు. కొత్త సంవత్సరం తర్వాత, ముందు ఆర్నెల్లపాటు చూస్తామనే షరతు మీద. తెర చివర ఆ ఇంటావిడ లేచి వెళ్ళిపోయింది. డోలినాకు సంతోషం రాలేదు. ఎవరో నీళ్ళు తెచ్చి ఇచ్చేదాకా తెర చివర ఖాళీ అయిన ఆ చోటునే చూస్తూ కూర్చుంది.

జనవరి రెండోవారంలో షోనా పిల్లను ఓడలో తీసుకొచ్చింది. కిర్స్టీ పసుపు పచ్చ కోటు గొంతుదాకా జిప్పు వేసుకుని హాల్లో బల్ల చివర కూర్చుంది. ఇల్లు వెచ్చగా ఉంది. కోటు తీస్తానంటే తల అడ్డంగా ఊపింది. అన్నంవేళ సూపు తాగింది, రొట్టె ముట్టుకోలేదు. కోటుతోనే నిద్రపోయింది. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. అడిగినదానికి అవును, కాదు తప్ప మాట లేదు. టోర్మడ్ వచ్చి ఎదురుగా కూర్చుని, వంకర్లు పోయిన వేళ్ళతో ఉన్ని దారం ముక్కలు ముడేసి ఒక గొర్రెపిల్లను చేసి బల్ల మీద పెట్టాడు. అతను వెళ్ళేదాకా పిల్ల దాన్ని తాకలేదు.

నాలుగోరోజు శనివారం. డోలినా చేప వేయిస్తుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"అక్కడి అమ్మకి నేను ఇక్కడున్నానని తెలుసా?"

పొయ్యి కట్టేసి డోలినా వెనక్కి తిరిగింది. "తెలుసమ్మా. మాట్లాడతావా?"

పిల్ల తలూపింది. డోలినా షోనా ఇచ్చిన నంబరు తీసి, రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి కలిపింది. అవతల ఆ ఇన్వర్నెస్ ఇంటావిడ గొంతు వినగానే కిర్స్టీ ఫోను రెండు చేతులా పట్టుకుని గడగడా మొదలుపెట్టింది. ఓడ గురించి, కెరటాల గురించి, పిల్లిలేని ఇంటి గురించి, దారంతో గొర్రెను చేసే ముసలాయన గురించి. నాలుగు రోజుల మాటలు పది నిమిషాల్లో అయిపోయాయి. మధ్యలో చెవులు వేడెక్కి, ఫోను భుజానికి ఆనించుకుని, జిప్పు లాగి కోటు కింద పడేసి, మాట తెగకుండా మాట్లాడుతూనే ఉంది.

డోలినా కోటు తీసి కొక్కేనికి తగిలించింది. చేప చల్లారిపోతే మళ్ళీ వేడి చేసింది. ఆ రోజు నుంచీ ప్రతి శనివారం ఆ వేళకు ఆమే నంబరు కలిపి, పిల్ల చేతికి ఫోను ఇచ్చేది.